ముందు నేల చూడండి, గోడలు తర్వాత

మా కంపెనీ తయారు చేసే మెషీన్‌ని చెక్‌వేయర్ అంటారు. ప్యాకెట్లు బెల్ట్ మీద పోతూ ఉంటే, ఎక్కడా ఆగకుండానే ఒక్కోదాని బరువు చూసి, తేడా ఉన్నదాన్ని గాలితో పక్కకు నెట్టేస్తుంది. తొమ్మిదేళ్లుగా దీన్ని ఎగ్జిబిషన్లకు తీసుకెళ్లే బాధ్యత నాది. స్థలం బుక్ చేయడం దగ్గర్నుంచి చివరి రోజు రాత్రి పెట్టెలకు మేకులు కొట్టించేదాకా అన్నీ నేనే చూసుకుంటాను. ఈ మధ్య మొదటిసారి ఎగ్జిబిషన్‌కి వెళ్తున్న ఒకరు ఫోన్ చేసి, "ఏ రకం స్టాల్ తీసుకోమంటారు?" అని అడిగారు. జవాబు చెప్పబోతే ముందు నాకే చాలా ప్రశ్నలు వచ్చాయి. మీ వస్తువు ఎంత పెద్దది? దాన్ని ఊరికే చూపిస్తారా, నడిపి చూపిస్తారా? చూసేవాళ్లు ఎంతసేపు నిలబడాలి? ఇవేవీ ఆయన ఇంకా ఆలోచించలేదు. డిజైన్ మాత్రం అప్పటికే గీయించేశారు.

నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. ముందు ఆ సంగతి చెప్తాను.

అది మా నాలుగో ఎగ్జిబిషన్. అప్పటిదాకా చిన్న స్టాళ్లతో సరిపెట్టుకున్నాం. ఆ ఏడు ధైర్యం చేసి 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం తీసుకుని, ప్రత్యేకంగా స్టాల్ కట్టించాం. వైర్లు కనబడకుండా కింద 10 సెంటీమీటర్ల ఎత్తున చెక్క ప్లాట్‌ఫారం, దాని మీద ప్లైవుడ్, ఆ పైన కార్పెట్. చూడటానికి చాలా బాగుంది. మొదటి రోజు పొద్దున ఖాళీ హాల్లో మెషీన్ నడిపితే అంకెలు సరిగ్గానే వచ్చాయి. పదకొండు గంటలకు జనం పెరిగేసరికి అంకెలు ఊగడం మొదలైంది. 500 గ్రాముల ప్యాకెట్‌ని ఒకసారి 497 అని, ఇంకోసారి 504 అని చూపిస్తోంది. మా టెక్నీషియన్ రెండుసార్లు కాలిబ్రేషన్ చేశాడు. జనం పక్కకు తప్పుకోగానే సర్దుకుంటోంది, మళ్లీ నలుగురు చేరగానే పాడవుతోంది.

కారణం కాళ్ల కింద ఉంది. చెక్‌వేయర్‌లో బరువు చూసే భాగం లోడ్ సెల్. తన మీద పడే బలాన్ని అది కొలుస్తుంది. ఆ బలం ప్యాకెట్‌దో, అదిరిన నేలదో దానికి తెలియదు. ఫ్యాక్టరీలో మెషీన్ కాంక్రీట్ మీద కూర్చుంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. ఇక్కడ దాని కాళ్లు ప్లైవుడ్ మీద ఉన్నాయి. ఎవరు అడుగు వేసినా ప్లైవుడ్ కొద్దిగా కుంగుతుంది, ఆ కదలిక లోడ్ సెల్‌ దాకా పోతుంది. అంటే ఎంత ఎక్కువ మంది చూడటానికి వస్తే మెషీన్ అంత తప్పు చూపిస్తుందన్నమాట. ఏదో ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగం నుంచి వచ్చిన ఒకాయన మూడు నిమిషాలు డిస్‌ప్లే వైపే చూసి, రాసుకుంటున్న పుస్తకం మూసేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

ఆ సాయంత్రం నిర్వాహకుల దగ్గర అదనపు సమయానికి అనుమతి తీసుకుని, మెషీన్ నాలుగు కాళ్లు వచ్చేచోట కార్పెట్, ప్లైవుడ్ కోయించాం. కాళ్లు కిందున్న కాంక్రీట్ మీద ఆనాయి. మర్నాడు ఎంతమంది వచ్చినా అంకెలు చెదరలేదు. స్టాల్ కట్టినవాళ్లు మేం అడిగింది అడిగినట్టే కట్టారు. మా మెషీన్‌కి ఎలాంటి నేల కావాలో చెప్పాల్సింది నేను. రంగుల గురించి, లోగో సైజు గురించి, కౌంటర్ వంపు గురించి నెల రోజులు వాళ్లతో మాట్లాడాను. నేల గురించి ఒక్క మాట అడగలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. వస్తువుకి ఏం కావాలి, చూసే మనిషి ఎక్కడ నిలబడతాడు, మావాళ్లు ఎక్కడ నిలబడతారు, ఈ మూడూ తేలాకే స్టాల్ మాట ఎత్తుతాను. అవి తేలితే ఏ రకం తీసుకోవాలన్నది చాలావరకు దానంతట అదే తెలుస్తుంది.

స్టాల్ రకం అనగానే అందరూ గోడలు, లైట్లు ఊహించుకుంటారు. నేను మాత్రం ఎన్ని వైపులు తెరిచి ఉంటాయో ముందు చూస్తాను. వరుస మధ్యలో ఉన్న స్టాల్‌కి ఒక్క వైపే దారి. మూల స్టాల్‌కి రెండు వైపులు. వరుస చివర మొత్తం తీసుకుంటే మూడు వైపులు. చుట్టూ నడవా ఉంటే నాలుగు వైపులు, దాన్ని ఐలాండ్ అంటారు. ఎన్ని వైపులు తెరిచి ఉంటే అంత మంచిదని చాలామంది నమ్ముతారు, అద్దె కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. కానీ మా మెషీన్‌కి ఒక ముఖం, ఒక వీపు ఉన్నాయి. డిస్‌ప్లే, ఆపరేటర్ నిలబడే చోటు ఒక వైపు. మోటార్లు, వైర్లు, తోసేసిన ప్యాకెట్లు పడే పెట్టె రెండో వైపు. ఐలాండ్‌లో పెడితే వచ్చినవాళ్లలో సగం మందికి వీపే కనిపిస్తుంది. మూల స్టాల్ అయితే వీపుని గోడ వైపు తిప్పేసి, బెల్ట్‌ని నడవా పొడవునా పెట్టొచ్చు. నడుస్తూ వచ్చే మనిషి పక్కనే ప్యాకెట్లు కూడా అదే దిక్కుకి కదులుతుంటాయి. ఆయన తల తిప్పి చూడటం, అడుగు నెమ్మదించడం నేను ఎన్నోసార్లు గమనించాను. అందుకే మాకు మూల స్టాలే సరైనది.

మీది ట్రాక్టరో, పడవో, చుట్టూ తిరిగి చూడాల్సిన వస్తువైతే ఐలాండ్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. టైల్స్, గుడ్డలు, అద్దాలు లాంటి గోడకు తగిలించి చూపించేవైతే వరుస మధ్యలోని మామూలు స్టాలే మేలు. మూడు వైపులా గోడ దొరుకుతుంది. ఈ మాట నిర్వాహకుల సేల్స్ వాళ్లు చెప్పరు, మనమే ఆలోచించుకోవాలి.

ఫ్లోర్ ప్లాన్ పంపినప్పుడు దాన్ని పెద్దది చేసి చూడండి. చిన్న నల్ల గళ్లు ఉంటాయి, అవి హాలు స్తంభాలు. వాటిలో ఒకటి మీ 9 చదరపు మీటర్ల మధ్యలో పడిందంటే ఎంత మంచి డిజైనర్ అయినా చేయగలిగింది తక్కువే. ఫైర్ హోస్ పెట్టె, అత్యవసర ద్వారం పక్కనున్న స్థలాలైతే అక్కడ ఏం పెట్టకూడదో కూడా అడగండి. అందరూ కోరుకునే ప్రధాన ద్వారం ఎదురు స్థలం నాకు అంతగా నచ్చదు. లోపలికి వస్తూనే జనం హాలంతా ఒకసారి చూడాలన్న తొందరలో ఉంటారు. ఇరవై అడుగులు లోపలికి వచ్చాక వాళ్ల నడక నెమ్మదిస్తుంది.

ఇక గోడలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు షెల్ స్కీమ్ చాలని నా గట్టి అభిప్రాయం. నిర్వాహకులే కట్టి ఇస్తారు. అల్యూమినియం స్తంభాలు, మధ్యలో తెల్ల పలకలు, ముందు పేరు రాసే ఫేసియా పట్టీ, కార్పెట్, కొన్ని లైట్లు, ఒక ప్లగ్ పాయింట్. ఏ కంపెనీ సామాను వాడినా దీన్ని చాలామంది ఆక్టోనార్మ్ స్టాల్ అనే అంటారు. 1969లో మొదలైన జర్మన్ కంపెనీ పేరు అది. వాళ్ల స్తంభానికి ఎనిమిది ముఖాలు, ఎనిమిది గాళ్లు ఉంటాయి. ఏ గాడిలోనైనా పలక బిగించొచ్చు కాబట్టి గోడని ఏ మూలకైనా తిప్పొచ్చు. అంత తేలికైన ఉపాయం మీద ఇన్నేళ్లుగా ఎన్నో హాళ్లు నడుస్తున్నాయి.

షెల్ స్కీమ్‌లో కొత్తవాళ్లు పొరపాటు పడేది కొలతల దగ్గర. మూడు మీటర్ల గోడ అని రాసి ఉంటుంది. నిజానికి అది మూడు పలకలు, మధ్యలో స్తంభాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య కనబడే పలక దాదాపు 95 సెంటీమీటర్లే. మేం మొదటిసారి గోడ మొత్తానికి ఒకే పెద్ద ఫోటో ప్రింట్ చేయించుకుని వెళ్లాం. పలకల కన్నా ముందుకు పొడుచుకొచ్చిన స్తంభాల మీద అది ఉబ్బెత్తుగా నిలబడింది, మధ్యాహ్నానికి ఒక కొస ఊడింది. పలక పలకకూ విడిగా ప్రింట్ చేయించండి, లేదా గోడంతా కప్పేలా ముందు గుడ్డ వేలాడదీసే ఏర్పాటు అడగండి. మేకులు కొట్టడానికి ఒప్పుకోరు. జిగురు మరక మిగిలినా డబ్బు కట్టించుకుంటారు.

3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న స్టాల్లో ఒక చిన్న కౌంటర్ పెట్టాక మావాళ్లు ఇద్దరు, చూసేవాళ్లు ముగ్గురు హాయిగా నిలబడగలరు. నాలుగో మనిషి నడవాలోనే ఆగిపోతాడు, కాసేపు చూసి వెళ్లిపోతాడు. నేను చూసిన లెక్క ఇది. అందుకే ఇచ్చిన టేబుల్‌ని స్టాల్ ముందు అడ్డంగా పెట్టి వెనక కూర్చోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఉన్న కాస్త చోటునీ వాళ్లే మూసేసుకుంటున్నారు. టేబుల్‌ని పక్క గోడకి జరిపితే చాలు.

మడిచే పాప్‌అప్ స్టాండ్లు, రోల్అప్ బ్యానర్లు సదస్సుల్లో టేబుల్ మాత్రమే ఇచ్చే చోట సరిపోతాయి. చక్రాల పెట్టెలో ఒక్కరే లాక్కుపోవచ్చు, అరగంటలోపు నిలబెట్టొచ్చు. రోల్అప్ బ్యానర్ మామూలు సైజు 85 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. అందులో నడుం కన్నా కింద రాసింది ముందు నిలబడ్డ మనిషి వల్ల కనబడదు, కాబట్టి ముఖ్యమైనది పై భాగంలో పెట్టండి.

నాలుగో ఎగ్జిబిషన్ తర్వాత మేం మాడ్యులర్‌కి మారాం, ఇప్పటికీ అదే వాడుతున్నాం. సొంతంగా కొన్న అల్యూమినియం ఫ్రేములు, వాటికి తొడిగే ప్రింటెడ్ గుడ్డలు. గుడ్డ అంచంతా సన్నటి సిలికాన్ పట్టీ కుట్టి ఉంటుంది. దాన్ని ఫ్రేము గాడిలోకి వేలితో నొక్కుకుంటూ పోతే గుడ్డ డోలు మీద చర్మంలా బిగుస్తుంది. ముందు నాలుగు మూలలూ నొక్కి, ఆ తర్వాత అంచులు నొక్కాలి. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా పోతే చివర గుడ్డ మిగిలిపోయి ముడతలు పడతాయి. మావాళ్లకు ఇది రెండో ఎగ్జిబిషన్‌కి గానీ చేతికి రాలేదు. మేం ఏడాదికి నాలుగు ఎగ్జిబిషన్లకు వెళ్తాం. ఒకచోట 3 మీటర్ల స్థలం, ఇంకోచోట 6 మీటర్లు దొరుకుతుంది. అవే ఫ్రేములు అటూ ఇటూ మార్చి నిలబెడతాం. కొత్త మోడల్ వస్తే గుడ్డ ఒక్కటే మారుస్తాం, పాత గుడ్డలు మడిచి సంచిలో పెట్టుకుంటాం.

విప్పి మళ్లీ కట్టే ఈ పద్ధతి ఎగ్జిబిషన్లకు కొత్త కాదు. 1851లో లండన్ హైడ్ పార్క్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌కి జోసెఫ్ పాక్స్‌టన్ గీసిన క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం అలాంటిదే. ఒకే కొలత ఇనుప భాగాలు, ఒకే సైజు గాజు పలకలు వేలకొద్దీ తయారు చేయించి అక్కడ బిగించారు. ప్రదర్శన అయ్యాక మొత్తం విప్పి లండన్‌కి దక్షిణాన ఉన్న సిడెన్‌హామ్‌కి తీసుకెళ్లి, ఇంకా పెద్దదిగా నిలబెట్టి 1854లో తెరిచారు. 1936లో మంటల్లో కాలిపోయేదాకా అది అక్కడే ఉంది. ఫ్రేములు విప్పి పెట్టెల్లో సర్దే రాత్రుల్లో నాకు ఆ కట్టడం గుర్తొస్తుంది.

మీరు ఏడాదికి ఒకే ఎగ్జిబిషన్‌కి వెళ్తే కొనకండి, అద్దెకు తీసుకోండి. కొన్న ఫ్రేములకు మిగతా రోజులన్నీ ఒక పొడి గది కావాలి, ప్రతిసారీ భాగాలు లెక్కపెట్టే మనిషి కావాలి. మూలలు కలిపే చిన్న ముక్క ఒకటి పోయినా అక్కడికక్కడ దొరకదు. అందుకే మా పెట్టె మూత లోపలి వైపు ప్రతి భాగం ఫోటో, సంఖ్య అంటించాం.

రవాణా లెక్క కూడా కొనకముందే వేసుకోవాలి. విమానంలో పంపితే అసలు బరువు, పెట్టె ఆక్రమించే చోటుని బట్టి వేసే బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే ఆ రెండో బరువు కిలోల్లో వస్తుంది. 120, 80, 100 సెంటీమీటర్ల పెట్టె అంటే 160 కిలోలు. లోపల లైట్‌బాక్స్ (వెనక లైట్లున్న ఫ్రేము) 70 కిలోలే ఉన్నా కట్టేది 160కి. మేం ఫ్రేముల పొడవు ఎంచుకున్నది ఈ లెక్క చూసుకునే. ఒక మీటర్ మించిన ముక్క మా దగ్గర లేదు. వేరే దేశానికి తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకునేవాటికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది. ఆ ఒప్పందంలో చేరిన దేశాల్లో కస్టమ్స్ సుంకం కట్టకుండా సామాను తీసుకెళ్లొచ్చు, గడువు మామూలుగా ఏడాది. పంచిపెట్టే కరపత్రాలు, మా బెల్ట్ మీద నలిగిపోయే ప్యాకెట్లు అందులోకి రావు, తిరిగి తెచ్చేవే రాయాలి.

ప్రత్యేకంగా కట్టించే స్టాల్ వద్దని అనను. పెద్ద ఉత్పత్తి విడుదల ఉన్నా, తలుపు వేసుకుని మాట్లాడే గది కావాలన్నా, బరువైన యంత్రాలు నాలుగైదు పెట్టాలన్నా దానికి సాటి లేదు. కానీ మా 6 మీటర్ల స్టాల్‌ని మూడు రోజుల తర్వాత సుత్తులతో పగలగొట్టి లారీలోకి విసరడం చూశాను. నేను ఏరికోరి ఎంచుకున్న కౌంటర్ వంపు కూడా ఆ చెత్తలో ఉంది. ఆ చెక్క అంతా మూడు రోజుల కోసమేనా అని మనసు చివుక్కుమంది. రెండంతస్తుల స్టాల్ గురించి ఎక్కువ చెప్పను. ఇంజినీర్ ధ్రువీకరణ, మెట్ల నియమాలు, పై అంతస్తుకి వేరే రుసుము ఉంటాయి. పైన గదులు నిండేంత మందితో ముందే మీటింగులు ఖరారైతేనే దాని జోలికి వెళ్లండి.

ఏ రకం ఎంచుకున్నా, డబ్బు కట్టేలోపే ఎగ్జిబిటర్ మాన్యువల్, అంటే నిర్వాహకుల నియమాల పుస్తకం, పూర్తిగా చదవండి. ఎత్తు పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో చాలా ఎగ్జిబిషన్లు 10 అడుగుల వరుస స్టాల్లో వెనక భాగంలోనే 8 అడుగుల ఎత్తు ఒప్పుకుంటాయి, నడవా వైపు 4 అడుగులు మించకూడదు. పక్క స్టాల్ వాళ్లని కప్పేయకుండా పెట్టిన నియమం అది. మా డిస్‌ప్లే స్తంభం మీటరున్నర. ఆ నియమం ఉన్నచోట మెషీన్‌ని ముందుకు తెచ్చి పెట్టడం కుదరదు, అంటే నా నడవా పక్క బెల్ట్ ఆలోచన అక్కడ పనికిరాదు. మూల స్టాల్లో తెరిచి ఉంచాల్సిన వైపుని గోడతో మూయనివ్వరు. పక్కవాళ్ల కన్నా ఎత్తుగా కడితే వాళ్ల వైపు కనబడే మన గోడ వీపుని కూడా శుభ్రంగా, లోగో లేకుండా ఉంచాలి. గుడ్డలకు నిప్పు తేలిగ్గా అంటుకోదన్న సర్టిఫికెట్ అడుగుతారు, గుడ్డ ప్రింట్ చేసేటప్పుడే తీసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. పైకప్పు నుంచి ఏదైనా వేలాడదీయడం ఎక్కువచోట్ల ఖాళీ స్థలం తీసుకున్నవాళ్లకే కుదురుతుంది.

కరెంటు, గాలి. మా మెషీన్‌కి రెండూ కావాలి. ప్యాకెట్‌ని తోసే గాలి కోసం సొంత కంప్రెసర్ తెస్తామంటే చప్పుడు వల్ల చాలాచోట్ల అనుమతి దొరకదు, హాలు వాళ్ల గాలి కనెక్షన్ ముందే బుక్ చేయాలి. రాత్రిపూట కరెంటు తీసేస్తారు. పొద్దున ఆన్ చేశాక లోడ్ సెల్ వేడెక్కి నిలకడగా రావడానికి అరగంట పడుతుంది, కాబట్టి మేం 24 గంటల కనెక్షన్ తీసుకుంటాం. పైన ఏసీ గాలి వచ్చే రంధ్రం ఎక్కడుందో కూడా అడుగుతాను. 20 గ్రాముల సాచెట్ నడిపేటప్పుడు ఆ గాలి తగిలినా అంకె మారుతుంది.

వచ్చే ఎగ్జిబిషన్‌కి 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న మూల స్థలం తీసుకున్నాం. ప్లాట్‌ఫారం లేదు, కాంక్రీట్ మీద నేరుగా కార్పెట్. మెషీన్ కాళ్లు వచ్చేచోట కార్పెట్ కోసి ఉంచాలని డ్రాయింగ్‌లోనే రాయించాను. వైర్లు గోడ వెంట పోతాయి. పోయిన వారం మా షెడ్డులో నేల మీద టేపుతో ఆ 6 మీటర్లు, 3 మీటర్లు గీసి, మెషీన్‌ని అందులోకి నెట్టాం. అకౌంట్స్ వాళ్లని, స్టోర్స్ వాళ్లని పిలిచి చూసేవాళ్లలా నిలబడమన్నాను. ఏడుగురు పట్టారు. ఎనిమిదో ఆవిడ టేపు గీత మీద ఆగిపోయారు. "లోపలికి రండి మేడం" అంటే, "ఎక్కడికమ్మా, ఆ పెట్టె అడ్డం ఉందిగా" అన్నారు. తోసేసిన ప్యాకెట్లు పడే పెట్టె మూల వైపు దారికి అడ్డం వస్తోంది. డ్రాయింగ్ పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువు ఉంది. టేపు అలాగే ఉంచమన్నాను, రేపు పొద్దున బెల్ట్‌ని రెండో దిక్కుకి తిప్పి చూడాలి.